చుక్కల రాజ్యానికి రాజు కావాలి

పంతొమ్మిది వందల ఇరవైలలో అరకు లోయ పైనున్న ఒక కొండ ఊరికి నన్ను బడి పంతులుగా పంపారు. మన్యంలో మాన్యుణ్ణయిపోతానని ఘాటీ ఎక్కాను. నాకు చోటిచ్చిన ఇల్లు ఒక ముసలమ్మది. మధ్యాహ్నం బడి వదిలేసరికి ఆవిడ అరుగు మీద సామలు చెరుగుతూ ఉండేది. "కబుర్లు సెప్పు పంతులూ, సేతులు ఆడతాయి" అనేది.

నాకు తెలిసిన కబుర్లు వారానికే అయిపోయాయి. ఇక కల్పించడం మొదలుపెట్టాను. ఒక పెద్ద చుక్క, దాని చుట్టూ తిరిగే ఆరు లోకాలు, వాటన్నిటికీ ఒకటే సింహాసనం. మొదటి రాజు చీకటి లోకాలకు నిప్పు మోసుకెళ్ళాడు. అతని తమ్ముడు మనుషుల నీడల మీద పన్ను వేశాడు. జనం మిట్టమధ్యాహ్నం తప్ప బయటికి రావడం మానేశారు. తర్వాత వచ్చిన రాణి ఆ పన్ను ఎత్తేసింది. ఆవిడ మనవడు మంచివాడు, లోకం లోకం తిరిగి వానలు పంచేవాడు. నిజానికి ఆకాశంలో చుక్కల గురించి నాకు తెలిసింది ముగ్గులో చుక్కల గురించి తెలిసినంత కూడా కాదు.

ఏరువాక ముందు నాకు చలిజ్వరం పట్టుకుంది. వణుకుతూ కథ నడపలేక, ఆ మంచి రాజును ఒక్క మాటలో చంపేసి ముసుగు తన్నాను. జ్వరం నాది, చావు ఆయనది.

పది రోజులకు లేచేసరికి తొలకరి పడింది. ఊరంతా సామలు చల్లేసింది. ముసలమ్మ పొలం చెక్క మాత్రం దున్ని, తడిసి, ఖాళీగా ఉంది. ఏడాది తిండి అందులోంచే రావాలి. నేలలో పదును చూస్తే ఇంకో రెండు రోజులకు మించి ఆగేలా లేదు.

"సూడు పంతులూ, మా అత్త ఇత్తనం ఏయదట! నీ కతలోంచి బువ్వ వండుతాది కావాల" అంది కోడలు.

"ఏం మామ్మా?" అన్నాను.

"రాజు నేకుండా ఇత్తనం ఎలాగేత్తాను?"

ఆ ఊళ్ళో పెద్ద చనిపోతే, కొత్త పెద్దకు తలపాగా కట్టేదాకా ఎవరూ నేలలో గింజ వేయరు.

"అది నేను కల్పించిన కథ మామ్మా!"

"నాకు తెల్దేటి? గట్టెక్కితేనే రొప్పుతావు, నువ్వు సుక్కల్దాకా ఎల్లొచ్చావా? కతలోడైతే ఏటి, ఆడి మంచీ సెడ్డా నెల్లాళ్ళు ఇన్నాను. ఊరి పెద్దకి ఆగినదాన్ని ఆడికి ఆగనా? బేగి ఎవుణ్ణైనా కూకోబెట్టు."

రాజుగారి కొడుకన్నాను. "ఆడు తాగుబోతని నువ్వే సెప్పావు." సేనాపతి అన్నాను. "నీడల పన్ను వసూల్సేసినోడి మనవడు కాడేటి?" నేను మరిచిపోయిన వంశావళి అంతా ఆవిడ నోట్లో ఉంది. పంతులుకు పరీక్ష పెట్టి చుక్కలు చూపించింది. నా దగ్గర లోకాలు మిగిలాయి గానీ మనుషులు మిగల్లేదు.

"ఇంకెవరూ లేరు మామ్మా."

"నువ్వున్నావు కదా. సంపినోడివి నువ్వే కూకో."

తన పైగుడ్డ నా తలకు చుట్టి, గట్టు మీది బండపై కూర్చోబెట్టింది. చేటతో గింజలు పట్టుకుని చెక్కలోకి దిగింది. సగం చల్లిందో లేదో చినుకులు మొదలయ్యాయి. ఇంట్లోకి పోదామని లేవబోయాను.

"లేవకు! కుర్సీ కాళీ అయిపోద్ది. ఆ మూల ఇంకా అవ్వనేదు!" అని అక్కణ్ణుంచే కేకేసింది.

కోడలు నవ్వాపుకోలేక అడ్డాకుల గొడుగు తెచ్చి నా నెత్తిన పట్టింది. "రాజన్నాక గొడుగు పట్టాల కదా, పంతులూ."

అలా గంటసేపు ఆరు లోకాలను ఏలాను. ఆఖరి గింజ పడ్డాక ముసలమ్మ గట్టెక్కి, తన గుడ్డ తను విప్పుకుని దులుపుకుంది.

"ఇంక దిగు పంతులూ. జొరం తిరగబెట్టీగల్దు."