ఒకే సాయంత్రంలో నాలుగు ఆదివారాలు

బస్సు గేటు దాటిన నిమిషాన్ని చూసి రిజిస్టరులో రాయడమే డిపోలో టైమ్‌కీపరు ఉద్యోగం. మన టైమ్‌కీపరుకి అంత ఓపిక లేదు. సాయంత్రం ఆరున్నర బస్సు ఆరున్నరకే బయలుదేరిందని పొద్దున్నే టీ తాగుతూ రాసి పడేసేవాడు. బస్సు ఏడుంబావుకి కదిలినా, అసలు కదలకపోయినా, రిజిస్టరు మాత్రం గుండ్రటి అక్షరాలతో కళకళలాడుతుండేది. ఇరవై రెండేళ్లు ఇలా నెట్టుకొచ్చాక, జరిగినదానికన్నా రాసిందే నిజమన్న నమ్మకం ఆయనకు గట్టిగా కుదిరింది.

అలాంటివాడికి సంఘ పెద్ద కావాలన్న బుద్ధి పుట్టింది. చర్చిలో ముందు వరసలో చేతుల కుర్చీ, పెళ్లిళ్లలో మైకు, వస్తుంటే నలుగురూ లేచి నిలబడడం. ఖాళీ ఒక్కటే ఉంది. పాస్టరుగారు ఎంచుకున్నవాళ్ల పేరు క్రిస్మస్ ముందరి ఆదివారం చర్చిలో చదువుతారు.

ఆ ఏడు పాస్టరుగారు ఒక మాట చెప్పారు. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆగమన కాలంలో నాలుగు ఆదివారాలూ ఇంట్లో కుటుంబ ప్రార్థన చేసుకోండి, వారానికొక కొవ్వొత్తి వెలిగించండి, ఎదురుచూడడం నేర్చుకోండి అన్నారు. వీలైతే ఆ వీడియో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టమని కూడా అన్నారు. టైమ్‌కీపరు చెవికెక్కింది ఆ చివరి ముక్క ఒక్కటే.

మొదటి ఆదివారం ఇంటిల్లిపాదినీ ముందుగదిలో కూర్చోబెట్టాడు. బల్ల మీద ఆకులు చుట్టిన చట్రం, దాంట్లో నాలుగు కొవ్వొత్తులు. మొదటిది వెలిగించి, వాక్యం చదివి, కళ్లు మూసుకుని గొంతు వణికించాడు. డిగ్రీ చదివే కూతురు ఫోనులో తీసింది. ఆమెన్ అన్నాక గోడ గడియారం చూసి, "సరే, అందరూ బట్టలు మార్చుకు రండి. ఇప్పుడు రెండో వారం" అన్నాడు.

"రెండో వారం వచ్చే వారం కదట్రా?" అంది తల్లి.

"వచ్చే వారం నాకు డ్యూటీ ఉందమ్మా. ఎలాగూ కూర్చున్నాం, ఓ పనైపోతుంది."

"దేవుడికి కూడా ముందే రాసేస్తున్నారన్నమాట!" అంది భార్య. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దుటినుంచీ నిలబడి కాళ్లు వాచి ఉన్నాయి. అయినా మూడుసార్లు చీర మార్చింది. మూడో వారంలో ఆవిడకి ఆవులింత వచ్చింది, మళ్లీ తీయించాడు. నాలుగో వారంలో ఆయన "ప్రభువా, ఓపికతో నీ రాక కోసం కనిపెట్టుకుని ఉన్నాం" అనేసరికి అత్తాకోడళ్లిద్దరికీ నవ్వు ఆగలేదు. అదీ మళ్లీ తీయించాడు.

ప్రతి ఆదివారం సరిగ్గా ఆరింటికి ఒక్కో వీడియో గ్రూపులో పెట్టమని కూతురికి హుకుం. "ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదు!" రెండు వారాలు మెచ్చుకోళ్లు కురిశాయి. టైమ్‌కీపరు డిపోలో నడక కూడా మార్చాడు.

మూడో ఆదివారం ఆరుకి పది నిమిషాలుందనగా తలుపు చప్పుడైంది. పాస్టరుగారు, పాస్టరమ్మ.

"మీతో కలిసి ప్రార్థన చేసుకుందామని వచ్చాం. ఇంకెవరింటికీ వెళ్లలేదు" అన్నారాయన.

ఆ మాటకు అర్థం టైమ్‌కీపరుకి తెలుసు. చేతుల కుర్చీ గుమ్మందాకా వచ్చేసింది. బీరువా మీది చట్రాన్ని దుమ్ము ఊదుకుంటూ దింపి బల్ల మీద పెట్టాడు. పాస్టరమ్మ వంగి చూసింది.

"నాలుగోది వచ్చే వారానిది కదూ? వత్తి అప్పుడే నల్లబడిందేం?"

"మొన్న కరెంటు పోయిందండీ..."

"మనది ఒకటే వీధి కదన్నయ్యా. మాకు పోలేదే!"

"మా ఇంటివరకే పోయింది."

తల్లి మొహం గోడవైపు తిప్పుకుంది. టైమ్‌కీపరు అగ్గిపెట్టె కోసం తడుముకుంటూ తలెత్తేసరికి గుమ్మం దగ్గర కూతురు, చేతిలో ఫోను. గడియారం ఆరు చూపిస్తోంది. వద్దని కళ్లు పెద్దవి చేశాడు, తల అడ్డంగా ఊపాడు. కూతురు తాపీగా ఆయన్నే చూస్తూ బొటనవేలు కదిపింది.

పాస్టరుగారి జేబులో ఫోను మోగింది. తీసి నొక్కారు. ఇదే గది, ఇదే బల్ల. వేరే చొక్కాలో టైమ్‌కీపరు గొంతు వణికిస్తున్నాడు: "ప్రభువా, ఈ మూడో ఆదివారపు సాయంత్రం నీ సన్నిధిలో..."

బల్ల దగ్గరున్న అసలు టైమ్‌కీపరు అగ్గిపుల్ల ఇంకా గీయనే లేదు.

"ఏంటే ఇది?" అని కూతురి మీద కయ్‌మన్నాడు.

"మీరే కదా నాన్నా, ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాకూడదన్నారు?"

పాస్టరుగారు కోప్పడలేదు. రెండు ముక్కల్లో ప్రార్థన ముగించి, టీ ముట్టకుండా లేచారు. తల్లి వాళ్లను గుమ్మందాకా సాగనంపుతూ, "ఏమీ అనుకోకండయ్యా. వీడు ఏడో నెలలోనే పుట్టాడు. అప్పట్నుంచీ ఇంతే" అంది.

క్రిస్మస్ ముందరి ఆదివారం పేరు చదివారు. అది గ్రూపులో ఒక్క వీడియో అయినా పెట్టని ఓ తాళాలు బాగుచేసే ఆయనది.

టైమ్‌కీపరు గుణపాఠం నేర్చుకోలేదని అనడానికి లేదు. ఇంటికి వస్తూ దారిలో కొవ్వొత్తులు రెండు పెట్టెలు కొన్నాడు. ఒకటి వీడియోకి, ఒకటి ఇంటికొచ్చేవాళ్లకి. రెండింటి మీదా వచ్చే ఏడాది నాలుగు ఆదివారాల తేదీలు, గుండ్రటి అక్షరాలతో, చొక్కా అయినా విప్పకముందే రాసేశాడు.