కుమ్మక్కు ఇచ్చిన మనిషి

సోమవారం తెల్లవారుతూనే మా పెద్ద తోడికోడలు పోయింది. తొంభై దాటిన మా అత్త గదిలోంచే అడిగింది: "పోయెనా ఆ కుమ్మక్కు?"

ముప్పై ఏళ్లకు పైగా మా ఇంట్లో అక్కకు అదే పేరు. అది ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాస్తాను. మాటలో తేడా వస్తే నేను ఊరుకోలేను.

అక్క పుట్టిల్లు కన్నడం మాట్లాడే హొసూరు. చదువంతా కన్నడంలోనే. మా ఊరు మండికల్‌లో పక్క పొలంవాళ్లతో గట్టు తగాదా నడుస్తున్న రోజుల్లో వాళ్ల కోడలికి నొప్పులొచ్చాయి. వాళ్లింట్లో మగవాళ్లు లేరు. అక్క ఆమెను పాల టెంపోలో ఎక్కించుకుని చిక్కబళ్లాపురం ఆసుపత్రికి బయల్దేరింది. దారిలోనే ఆడపిల్ల అక్క చేతుల్లో పుట్టింది.

మర్నాడు అందరి ముందూ అత్త నిలదీసింది. "వాళ్లతో కుమ్మక్కైతివా?"

"ఔనత్తా, కుమ్మక్కు ఇచ్చినా. ఆ యమ్మకు యాడా దిక్కు లేకపోయె."

అక్క కన్నడంలో కుమ్మక్కంటే అండ. మా తెలుగులో పగవాడితో చేతులు కలపడం. ఆమె సాయం చేశానంది. మావాళ్లు ద్రోహం ఒప్పుకుందన్నారు. వంటింటి గడప తొక్కనివ్వలేదు. కన్నకొడుకు పెళ్లిలో తలంబ్రాల పళ్లెం ముట్టనివ్వలేదు.

నేను బడిలో తెలుగు చెప్పినదాన్ని. నిఘంటువు చూసి చెప్పాను. "అక్కా, ఇది పారసీ మాట. యుద్ధంలో తోడుగా పంపే సైన్యమట. మొదటి అర్థం సాయమే."

అక్క నవ్వింది. "సాయమే గదా! ఎవురికి చేస్తిమో చూసి పేరు పెడతాండారు. ఆ పారసీ ఏందో అత్తకు చెప్పు పో."

చెప్పాను. "అర్థం మారితే ఆ యమ్మ మారునా?" అంది అత్త.

దారిలో ఎవరైనా మూట ఎత్తలేక నిలబడితే అక్క చెయ్యి వేసేది. ఏ ఇంటివాళ్లో అడిగేది కాదు. నా భర్త పోయినప్పుడు నా పక్కన పడుకున్నది ఆమె ఒక్కతే.

చివరి వారం నా చెయ్యి పట్టుకుంది. "నేను పోతే, నా చేతుల్లో పుట్టిన ఆ పిల్ల చేత నా నోట్లో నాలుగు బియ్యపు గింజలు ఏయించు. ఇంకేం వద్దు."

కబురు పంపితే ఆ పిల్ల చాకవేలులోని అత్తింటినుంచి వచ్చింది. మావాళ్లు గేటు తీయలేదు. నేను గొళ్లెం మీద చెయ్యి వేశాను.

"నువ్వూ కుమ్మక్కైతివా?" అరుగు మీదనుంచి అత్త అరిచింది.

"ఔనత్తా. కుమ్మక్కు ఇస్తాండా."

అక్క కన్నకొడుకే నా చెయ్యి పక్కకు లాగాడు. పాడెను పెరటి దారిన తీసుకుపోయారు.

అందరూ వెళ్లాక గేటు తీశాను. ఆ పిల్ల గుప్పిలి విప్పింది. బియ్యం చెమటకు తడిసి అరచేతికి అంటుకుపోయాయి.