అద్దింటి పెరట్లో కొబ్బరి మొక్క

మొన్న ఆదివారం చర్చిలో ప్రార్థన ముగించుకుని ఇంటికి వచ్చేసరికి, కొత్తపేటలోని మా ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్న నర్సమ్మాయి మొలకొచ్చిన కొబ్బరికాయ ఒకటి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. "కుళాయి నీళ్ళు ఊరికే పోతున్నాయండి, అక్కడ పాతుకోమంటారా ఆంటీ?" అని అడిగింది. అడిగినది ఎంత? అయినా వెంటనే సరేననలేకపోయాను. చూసి చెబుతానమ్మా అని పైకి వచ్చి కూర్చున్నాను గానీ, మనసు తిన్నగా అమలాపురంలో మా చిన్ననాటి అద్దింటికి వెళ్ళిపోయింది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు అద్దెకు దిగి చూడు అనడం ఎందుకో మరిచిపోయారు. మీరూ అద్దిళ్ళలో పెరిగినవారైతే నా మాట కాదనరు. రాజోలు నుంచి బదిలీ మీద వచ్చిన బడిపంతులు మా నాన్నగారు. మా పేర్లు వినగానే, అంతదాకా ఖాళీగా ఉన్న వాటాలు ఎవరో చుట్టాలకు ఇచ్చేశామనేవారు. అలాంటి రోజుల్లో ఏ ఆరా తీయకుండా తాళంచెవి చేతిలో పెట్టిన ఇంటిగలాయన్ని మేము మామయ్యగారనే పిలిచేవాళ్ళం, ఆయన భార్యను అత్తయ్యగారని. కాగితం లేదు, రసీదు లేదు, అంతా నోటిమాటే. తమ్ముడు పుట్టిన ఏడు అమ్మమ్మ పి.గన్నవరం నుంచి తెచ్చిన కొబ్బరి మొక్కను అమ్మ పెరట్లో స్నానాల నీళ్ళు పోయే చోట పాతింది. నీళ్ళు వృథాగా పోతుంటే మొక్క పెట్టకుండా ఊరుకోవడం మా కోనసీమ ఆడవాళ్ళకు చేతకాదు. గోతిలో వేయమని అత్తయ్యగారే గుప్పెడు ఉప్పు తెచ్చి ఇచ్చారు.

ఏడేళ్ళకు ఆ చెట్టు తొలి గెల వేసింది. అద్దెకున్నవాళ్ళు పాతిన చెట్టు కాపుకొస్తే ఆ చోటు కూడా తమదేనంటారని ఎవరో మామయ్యగారి చెవిలో ఊదారు. మా వైపు గట్టు తగాదాల్లో చెట్టు ఎవరు పాతారన్నదే మొదటి ప్రశ్న మరి. ఒక ఉదయం ఆయన గుమ్మం ఎక్కకుండా వాకిట్లోనే నిలబడి, "ఇల్లు మాకే అవసరం పడిందండి మాస్టారూ, నెలాఖరుకి ఖాళీ చేసేయండి" అన్నారు. మాట నాన్నగారితో, చూపు మాత్రం చెట్టు మీద.

అప్పటికి అక్క పదో తరగతి పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. నాన్నగారి స్నేహితుడైన ప్లీడరుగారు కదలవద్దన్నారు. పద్ధతి ప్రకారం నోటీసు ఇచ్చి కోర్టు చేత చెప్పించకుండా ఎవరూ బయటికి పంపలేరన్నారు. అమ్మదీ అదే పట్టు. నాన్నగారు మాత్రం, కోర్టుకెక్కితే ఆయన భయం నిజం చేసినట్టే కదా అని మథనపడి, ఆ చెట్టు మీద గానీ చోటు మీద గానీ మాకే హక్కూ లేదని తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి తీసుకెళ్ళారు. మామయ్యగారు అది చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "మంచి పని చేసేరండి, ఇల్లు మాత్రం నెలాఖరుకే" అన్నారట. కాగితమూ పుచ్చుకున్నారు, ఇల్లూ పుచ్చుకున్నారు. ఆ కోపం నాకు ఈనాటికీ చల్లారలేదు.

సామాను రిక్షాల్లోకి ఎక్కుతుంటే అత్తయ్యగారు బయటికి రాలేదు. అక్క ఎవరింటి వరండాలోనో కూర్చుని చదివి, లెక్కల్లో తప్పింది. చదువు అక్కడితో ఆగిపోయింది. అమ్మ ఆ తరువాత ఏ అద్దింట్లోనూ బంతి విత్తనం కూడా చల్లలేదు.

ఇప్పుడన్నీ కాగితాలే. పదకొండు నెలల అగ్రిమెంటులో గోడకు మేకు కొట్టడానికి కూడా షరతు రాయించాను. కాగితాలు వచ్చాయి కదా, ఆ పాత భయాలు పోయి ఉంటాయనుకునేదాన్ని. మామయ్యగారి భయం నాకు ఎప్పుడు అంటుకుందో తెలియనేలేదు. మా అమ్మే ఉంటే ఆ సాయంత్రం నా ముఖం చూసేది కాదు.

ఎందుకంటే కిందికి దిగి, నేలలో వద్దమ్మా, తొట్టిలో పెట్టుకో అన్నాను. "ఆయ్, అలాగేనండి" అంది ఆ పిల్ల. కొబ్బరి చెట్టు తొట్టిలో కాపుకు రాదని కోనసీమలో పుట్టిన మా ఇద్దరికీ తెలుసు.