ఎలుకల గదిలో అత్తరు వాసన

నేను పనిచేసే కాలేజీకి ఇప్పటివరకు పదకొండు ఉత్తరాలు రాశాను. ఎలుకల గదిలో ఫ్యాను తిరగడం లేదని ఒకటి, చేతి తొడుగులు చిరుగుతున్నాయని ఒకటి, ఆప్రాన్లు ఉతికే మనిషి గుండీలు ఊడగొడుతున్నాడని ఒకటి. పదింటికి జవాబు లేదు. ఒక్కదానికి మాత్రం మర్నాడే వచ్చింది. ఇది ఆ ఒక్కదాని కథ.

మూడేళ్ళ కిందటి వానాకాలం. వనపర్తి ఊరి బయట ఒక ఫార్మసీ కాలేజీ. అందులో నేను యానిమల్ హౌస్ అసిస్టెంటును, అంటే ప్రయోగాల ఎలుకలను చూసుకునేవాణ్ణి. అప్పటికి ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ ఏడు ఆత్మకూరు నుంచి పర్వీన్ అనే ఎం.ఫార్మసీ అమ్మాయి మా గదికి ప్రాజెక్టు పని మీద వచ్చింది. షుగరు ముదిరితే మూత్రాశయం పట్టు తప్పుతుంది. దానికి ఒక మందు పనిచేస్తుందా లేదా అని చిట్టెలుకల మీద చూడాలి.

ఎలుక మూత్రాశయాన్ని ఎట్లా కొలుస్తారని విన్నవాళ్ళంతా నవ్వుతారు. ఆ పద్ధతిని వాయిడ్ స్పాట్ పరీక్ష అంటారు. ఖాళీ పంజరం అడుగున ఫిల్టర్ పేపరు పరిచి, ఒక్క ఎలుకను నాలుగు గంటలు అందులో వదలాలి. తర్వాత పేపరు ఆరబెట్టి చీకటి పెట్టెలో అల్ట్రావయొలెట్ దీపం కింద పెడితే మూత్రం పడిన చోటల్లా మెరుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుక ఒక మూల చూసుకుని ఒకే మడుగుగా పోస్తుంది. మూత్రాశయం చెడినది పేపరంతా చుక్కలు చల్లుతుంది. మచ్చలు లెక్కపెట్టి, వాటి వైశాల్యం కొలిస్తే జబ్బు ఎంతో, మందు గుణం ఎంతో తెలుస్తుంది. అయితే బెదిరిన ఎలుక కూడా చుక్కలే చల్లుతుంది. చిక్కంతా అక్కడే.

మొదటి వారంలోనే ఆ అమ్మాయి, ఎలుకల గది బాధ్యత కూడా చూసే తన గైడు సారు ముందర నా తప్పు పట్టుకుంది. "అంకుల్, పంజరం మీద నీళ్ళ సీసా తీయలే. నీళ్ళు కారితే మచ్చలు చెదిరిపోతయి గదా" అంది. మెల్లగానే అంది, నిజమే అంది. కానీ సారు నవ్వాడు. ఆ నవ్వును నేను లోపల దాచుకున్నాను.

తర్వాత రెండు వారాలు పేపర్లన్నీ చుక్కలే. జబ్బు లేని ఎలుకలు కూడా చల్లాయి. మంచివాటికీ చెడ్డవాటికీ తేడా లేకపోతే మందు సంగతి ఏం తేలుతుంది? ఎవరి పొరపాటో చెప్పమన్నాడు సారు. అంతకు ముందురోజే పర్వీన్ సంచిలో చిన్న అత్తరు సీసా చూశాను. ఘాటు వాసనలు ఎలుకల గదిలోకి తేకూడదన్నది నియమం. కూర్చుని సారుకు ఉత్తరం రాశాను: "విద్యార్థిని అత్తరు పూసుకుని వస్తున్నది. వాసనకు ఎలుకలు బెదురుతున్నవి."

మర్నాడే సారు ఇద్దరినీ పిలిచాడు.

"అది మా అబ్బాజాన్ కోసం కొన్న సార్. సీల్ గూడ తీయలే, జర చూడుండ్రి" అని పర్వీన్ సీసా బల్ల మీద పెట్టింది.

సారు సీసా వైపు చూడలేదు. నా వైపు చూశాడు. "నీకు వాసన వచ్చిందా?"

"వచ్చింది సార్" అన్నాను.

ఒక సంగతి ఇక్కడే రాయాలి. ఏళ్ళ తరబడి ఎలుకల ఉచ్చ ఘాటులో పనిచేసి, నా ముక్కుకు వాసన తెలియక అప్పటికే చాలా కాలమైంది. చెబితే ఈ పని నుంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు.

సారు రిజిస్టరు తెప్పించి, 'విద్యార్థిని అజాగ్రత్త వల్ల ఫలితాలు చెడినవి' అని రాసి సంతకం పెట్టాడు. ఆమెకు ఎలుకల గది బందు. మాత్రలు నీళ్ళలో ఎంతసేపటికి కరుగుతాయో చూసే పని ఇచ్చారు. ఎలుకల గది నుంచి బయటికి పోతూ నా దగ్గర ఆగింది. "నేనేం జేసిన అంకుల్ మీకు?" అంది. నేను పంజరాలు కడుగుతున్నట్టు నటించాను.

ఆమె పోయాక కూడా చుక్కలు ఆగలేదు. వాన మీదికి నెట్టాను, ఫ్యాను మీదికి నెట్టాను. ఇంతలో లింగాలలో మా అక్క కంటి ఆపరేషనని నాలుగు రోజులు సెలవు పెట్టాను. గది ఊడ్చే యాదమ్మ పంజరాలు, పేపర్లు చూసుకుంది. తిరిగొచ్చి చూస్తే ప్రతి పేపరు మీదా మూలకు ఒక్కటే మడుగు.

"నువ్వు లేకుంటే ఎలుకలు నిమ్మళంగున్నయన్నా. నేను గూడ" అంది యాదమ్మ.

పేపర్లు నమ్మబుద్ధి కాక మళ్ళీ దీపం కింద పెట్టి వంగి చూస్తుంటే, నా ఆప్రాన్ అంచు పెట్టెలోకి జారింది. సబ్బుపొడితో ఉతికిన బట్ట ఆ దీపం కింద నీలంగా మెరుస్తుంది, అది నాకు తెలుసు. కానీ జేబు కింద అరచేయంత మేర పచ్చగా మెరిసింది. ఆప్రాన్ విప్పి యాదమ్మ చేతికిచ్చాను. ఆమె దూరం నుంచే ముక్కు మూసుకుంది.

"పిల్లి ఉచ్చ గదన్నా! నీకు తెల్వదా? ఇన్ని దినాలు నీ పక్కకు ఎందుకు రాలే అనుకున్నవ్?"

"చెప్పొచ్చు గదా?"

"జెప్తే నామీద గూడ కాయితం రాస్తివంటే?"

గుండీల ఉత్తరానికి జవాబు రాలేదన్న పంతంతో, నియమం కాదని తెలిసీ ఆప్రాన్లు ఇంటికి తీసుకుపోయి ఉతికించుకునేవాణ్ణి. ఉతికి ఆరేశాక మా పిల్లి వాటి మీదే పడుకునేది, ఉచ్చ కూడా పోసేదన్నమాట. పిల్లిని ఒంటికి చుట్టుకుని రోజూ ఎలుకల గదిలోకి నడిచాను. వాసన తెలియనివాణ్ణి, వాసన వచ్చిందని ఒక ఆడపిల్ల మీద సాక్ష్యం చెప్పాను.

అప్పుడైనా చెప్పానా? లేదు. ఆప్రాన్ కాల్చేసి రెండేళ్ళకు పైగా నోరు మూసుకున్నాను. పోయిన ఏడాది ఆత్మకూరులో మందులు కొనబోతే కౌంటరు వెనక పర్వీన్ ఉంది. పీహెచ్‌డీకి సారు సిఫారసు ఉత్తరం ఇవ్వడం లేదట. అడిగినప్పుడల్లా రిజిస్టరు తెరిచి ఆ వాక్యం చూపిస్తాడట. అంతా చెప్పి, మన్నించమని అడిగాను.

"పిల్లా?" అని ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు నిలవలేదు. "నేను మాఫ్ జేస్తే ఏమైతది అంకుల్? కాయితం మీద రాసిండ్రు. కాయితం మీదనే కొట్టేయించుండ్రి."

ఆ సాయంత్రమే పదకొండో ఉత్తరం రాశాను. ముక్కు సంగతి, పిల్లి సంగతి, అబద్ధం సంగతి, ఏదీ దాచలేదు. ఏడు నెలలయింది, జవాబు రాలేదు. పేపరు మీద చుక్కలు కనబడితే గదిలోకి వచ్చిన మనుషుల్లో మొదట నన్ను నేను చూసుకోవాలని ఈ కేసు నేర్పింది. నేర్చుకునే లోపల ఒకరి చదువు ఆగిపోయింది.

సారూ, ఇది పన్నెండోది. నా అబద్ధానికి మర్నాడే జవాబిచ్చారు. నా నిజానికి ఎందుకివ్వరు? రిజిస్టరులో నలభై ఒకటో పేజీ, కింది నుంచి మూడో వరుస. 'విద్యార్థిని' అన్న మాట కొట్టేసి అక్కడ నా పేరు రాయండి. ఏ రోజు రాస్తారో చెప్పండి. పర్వీన్‌ను వెంటబెట్టుకుని వస్తాను.