కారం డబ్బా

యలమంద వినుకొండ నుంచి దాచేపల్లి పక్క పల్లెకి ఇల్లరికం వచ్చినవాడు. ఇల్లరికపుటల్లుడికి నోరుండకూడదని ఆ ఊరి లెక్క. యలమందకి నోరే ఆస్తి.

"ఏం బావా, మామ పొలం దున్నుకోక ఊరి గొడవ నీకెందుకోయ్?" అని టీకొట్టు దగ్గర ఎకసెక్కాలాడితే, "ఆ దుమ్ము పడేది మా మామ పొలం మీదేగదరా!" అని నవ్వేవాడు.

నిజమే. ఊరి పక్క క్వారీలో రాళ్ళు పేల్చినప్పుడల్లా కల్లంలో ఆరబోసిన మిరపకాయలు దుమ్ముకి తెల్లబడేవి. ఇళ్ళ గోడలు నెర్రెలిచ్చాయి. అర్జీలకి జవాబు రాలేదు. యలమంద మరికొందరు రైతులతో లారీల దారి పక్కన టెంటు వేసి కూర్చున్నాడు. రాయి విసరలేదు, లారీకి అడ్డం పడలేదు. కూర్చున్నాడు, అంతే.

భార్య కోటేశ్వరి మధ్యాహ్నం క్యారేజీ పంపేది. కారం లేనిదే ఆయనకి ముద్ద దిగదు. పక్కవాళ్ళూ కలుపుకుంటారని కొత్తకారం పెద్ద డబ్బాతోనే పెట్టేది.

టెంటు పీకిన రోజు పోలీసులకి ఆ డబ్బా దొరికింది. మా కళ్ళల్లో కొట్టడానికి దాచిన ఆయుధం అని రాసుకున్నారు. హత్యాయత్నం కేసు. మిరప పండే నేల మీద, అన్నంలోకి తెచ్చుకున్న కారానికి ఆ పేరు పెట్టారు. యలమందకి బెయిలు రాలేదు.

కోటేశ్వరి కోర్టులో మొగుడి తరఫున సాక్ష్యం చెప్పాల్సిన రోజుకి ముందురోజు హెడ్ కానిస్టేబుల్ పిచ్చయ్య మామూలు బట్టల్లో వచ్చి మంచం మీద కూర్చున్నాడు. మంచినీళ్ళడిగి తాగాడు.

"మీ అమ్మాయి అఖిల గుంటూరు హాస్టల్లోనే ఉందా, చెల్లెమ్మా? రెండో అంతస్తు కదూ?"

కోటేశ్వరి ఖాళీ చెంబు అందుకుంది.

"ఆ డబ్బా నేను పంపలేదని ఒక్క మాట చెప్పు. చాలు. పంపానన్నావో, ఆయుధం అందించింది నువ్వే అవుతావు. ఇద్దరూ లోపలుంటే ఆడపిల్లని ఎవరు చూస్తారమ్మా?"

"మరి మా ఆయనో?"

"ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు." పిచ్చయ్య లేచి, ఇంటి పక్క కల్లంలోంచి ఒక కాయ తీసి తుంచి వాసన చూశాడు. "మంచి ఘాటుంది" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు కోర్టులో యలమంద బాగా చిక్కిపోయి కనిపించాడు. ఆయన తరఫు లాయరు డబ్బా చూపించి, ఇది ఎవరు పంపారని అడిగాడు.

కోటేశ్వరి మొగుడి వంక చూసింది. పిచ్చయ్య జైలుక్కూడా వెళ్ళి ఆయన్నీ బెదిరించొచ్చాడని ఆయన చూపులోనే తెలిసింది. ఎవరు నోరు ముయ్యమన్నా మూయని మనిషి, చెప్పొద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు.

"నేనేనండి. అన్నంలోకి పంపాను" అంది కోటేశ్వరి.

వెనక బెంచీ మీదున్న ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు లేచి, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.