మా చంద్రి పాల లెక్క

సూరత్ పక్కన కామ్‌రేజ్ దగ్గర ఈరోజు నానబెట్టిన పత్తిచెక్క వాసన తగలగానే, బమ్రోలిలోని మా రేకుల కొట్టం గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ ఉండేవి కదా బర్రెలు?

మాకు రెండుండేవి, ఒకటి పెద్ద బర్రె, ఇంకోటి చంద్రి. పాలమీద పెద్దగా ఏమీ మిగలడం లేదని మరమగ్గం నడిపే నాన్నకు దిగులు.

"తక్కువ పాలిచ్చేది చంద్రే గదా, దాన్ని అమ్మేద్దాం," అన్నాడు.

చంద్రి నా ప్రాణం. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"జర ఆగుండ్రి," అంది అమ్మ. వారంపాటు దేని దాణా, దేని పాలు దానికి వేరుగా కొలిచింది.

"పెద్ద బర్రె పాలెక్కువిస్తది గానీ, ఆ పైసలన్నీ దాని దాణాకే పోతున్నయ్. మనకు మిగిలేదంత చంద్రి పాలల్లనే."

నాన్న ఒప్పుకున్నాడు. "అయితే పెద్దదాన్నే అమ్ముదాం తియ్."

పరుగెత్తుకెళ్లి చంద్రి మెడ వాటేసుకున్నాను. గరుకు నాలుకతో అది నా చెంపంతా నాకింది.