పూలు రాల్చని మిషన్

నీలం నగర్‌లో టవళ్లు నేసే శ్రీనివాస్ చూపుడువేలు కరెంటు మగ్గం బెల్టులో నలిగి సగం పోయింది. మగ్గం ఆపే స్విచ్ షెడ్డు అవతలి గోడకు ఉంది. తలరాత అని తేల్చిన యజమాని సేఠ్, శ్రీనివాస్ పేరున గుళ్లో అర్చన చేయించాడు. స్విచ్ మాత్రం జరపలేదు.

ఆ యజమానే ఈసారి బడి ప్రదర్శనకు ముఖ్య అతిథి. శ్రీనివాస్ కూతురు ఋతుజ, తొమ్మిదో తరగతి జట్టుతో కలిసి ఫిజిక్స్ ప్రాజెక్టు చేస్తోంది. గోలీ దొర్లి నూలు కండెను పడేస్తుంది, కండె ఇసుక సంచిని తోస్తుంది, జారిన సంచి తాడును గుంజుతుంది. అప్పుడు అతిథి మీద పూలు రాలాలని ఫిజిక్స్ సర్ హుకుం. ఋతుజ పూలబుట్ట విప్పేసి, ఆ తాడును టేబుల్ ఫ్యాన్ ప్లగ్గుకు కట్టింది.

"పిచ్చి లేసిందానే? సేఠ్‌కు కోపమొస్తే మీ బాపు పని పోతది!" అన్నాడు జట్టులోని సాయికిరణ్.

"ఇంకో షెడ్డు దొరుకుతది. ఇంకో వేలు దొరుకుతదా? పూలు చల్లాల్నంటే నీకు చేతులు లెవ్వా?"

ప్రదర్శనలో గోలీ దొర్లింది, తాడు ప్లగ్గును ఊడబెరికింది. సేఠ్ ముఖానికి గాలి విసురుతున్న ఫ్యాన్ ఆగిపోయింది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు సేఠ్.

"మా బాపు చెయ్యి ఇరికినప్పుడు మగ్గం ఇట్లనే ఆగాలె, సేఠ్. షెడ్డుల ఇసొంటి తాడు ఎప్పుడు కట్టిస్తరు?"

"చూద్దాం లే."

సర్ పళ్లు కొరుకుతూ, "సారీ చెప్పు," అన్నాడు.

ఋతుజ ప్లగ్గు పెట్టి, గోలీని మళ్లీ పైకెక్కించింది. "ఇంకోపారి చూపెడ్త సర్. సేఠ్‌కు సమజ్ కాలే."